విద్యుత్ సంస్థల ఆదాయవ్యయములు – ప్రజల కర్తవ్యము

సూర్యాపేటలోని దుకాణదారుడును, కోదాడలోని గృహస్థుడును, మిర్యాలగూడలోని బియ్యపుమిల్లు యజమానియు నెలకొకసారి అందుకొనుచున్న కరెంటు బిల్లు చిన్న కాగితము. అందు యూనిట్లెన్ని, రూపాయలెన్ని యను రెండంకెలను మాత్రమే జనులు చూచుచున్నారు. చూచి, హెచ్చినదని యొకరు విసుగుదురు; తగ్గినదని యొకరు సంతసింతురు. కాని యా రూపాయలు ఎట్లు పుట్టినవి? యూనిట్టుకు ఇంత యని నిర్ణయించినవా రెవరు? ఏ లెక్కను బట్టి నిర్ణయించిరి? ఆ లెక్క యంతయు వందలకొలది పుటల గ్రంథముగా ప్రకటింపబడుచున్నది. దానిపై బహిరంగ విచారణ జరుగుచున్నది. అభ్యంతరము చెప్పుటకు ప్రతి పౌరునకు చట్టము హక్కు నొసగినది. అయినను ఆ గ్రంథమును తెఱచి చూచువారు ఈ మూడు పట్టణములలో ఎందఱు గలరో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ప్రజలు చదువని పద్దు ప్రజలకు మేలు చేయదు. కావున ఆ పద్దుల రహస్యమును సులభముగా పాఠకుల యెదుట నుంచ దలచితిమి.

మొట్టమొదట తెలిసికొనవలసినది, విద్యుత్తు కూరగాయల అంగడి వంటిది కాదనుట. సూర్యాపేట అంగడిలో ఒక వర్తకుడు వంకాయలకు హెచ్చు ధర చెప్పినచో ప్రక్క వర్తకుని యొద్దకు పోవచ్చును. కాని మన వీథిలో స్తంభముల వరుస యొక్కటే, తీగ యొక్కటే. రెండవ కంపెనీ వచ్చి రెండవ వరుస పాతుట ధనమును మట్టిలో కలుపుటయే యగును. అందుచేత ఈ వ్యాపారమున పోటీ లేదు. పోటీ లేనిచోట ధరను అదుపులో నుంచువా డెవడు? ఈ ప్రశ్న మనకు మాత్రమే పుట్టినది కాదు. 1898లో చికాగో నగరపు విద్యుత్ వ్యాపారి శామ్యూల్ ఇన్సల్ తన తోడి వ్యాపారులకే ఒక ఉపదేశము చేసెను: ఏకాధికారము మనకు కావలెనన్నచో ధరలపై ప్రభుత్వపు అదుపునకు మనము లోబడవలయు నని. 1907లో అమెరికాలోని విస్కాన్సిన్, న్యూయార్కు రాష్ట్రములు నియంత్రణ సంఘముల నేర్పరచినవి. కంపెనీకి ఆ ప్రాంతమున ఏకాధికారము. అందుకు మాఱుగా ధర నిర్ణయించు నధికారము కంపెనీది కాదు, సంఘముది. ప్రపంచమున పెక్కుచోట్ల ఈ వ్యాపారము నేటికిని ఈ ఒడంబడికపైననే నడచుచున్నది.

మన దేశమున 1910 చట్టము లైసెన్సుల పద్ధతిని నెలకొల్పినది. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టము రాష్ట్ర బోర్డులను సృష్టించి, ప్రైవేటు లైసెన్సుదారులకు సమంజసమైన లాభ మెంతయో ఆరవ పట్టికలో నిర్వచించినది. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు నలుబది సంవత్సరములు ఉత్పత్తియు, రవాణాయు, పంపిణీయు తానే చేసెను. 1998 సంస్కరణ చట్టము దానిని విడగొట్టెను. 1999లో ఉత్పత్తికి జెన్‌కో, రవాణాకు ట్రాన్స్‌కో, ధరల నిర్ణయమునకు నియంత్రణ మండలి ఏర్పడినవి. 2000లో పంపిణీకి నాలుగు కంపెనీలు వచ్చినవి. 2003 చట్టము దేశమంతటికి ఇదే మార్గమును విధించినది. 2014లో రాష్ట్రము వేఱైన పిదప సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు కరెంటు నిచ్చునది తెలంగాణ దక్షిణ మండల విద్యుత్ పంపిణీ సంస్థ. దానికి ధర నిర్ణయించునది తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి.

ఇక లాభము మాట. నియంత్రణమునందున్న విద్యుత్ సంస్థ ఒక్కొక్క యూనిట్టుపై ఇంత లాభమని వేసికొని అమ్మునది కాదు. వస్త్రవ్యాపారి వంద రూపాయలకు కొని నూటయిరువదికి అమ్మినట్లు అది అమ్మజాలదు. దాని లాభము పెట్టుబడినుండి వచ్చును. స్తంభములు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సబ్‌స్టేషన్లు, యంత్రములు – వీనిపై పెట్టిన మూలధనములో అప్పు కొంత, సొంత వాటా కొంత. అప్పునకు వడ్డీయు, సొంత వాటాకు మండలి నిర్ణయించిన శాతము చొప్పున ప్రతిఫలమును, యంత్రముల అరుగుదలయు, నిర్వహణపు ఖర్చును, సిబ్బంది జీతములును కలిపి ఏడాది కింత రాబడి యవసరమని లెక్కింతురు. 1944లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము హోప్ అను సహజవాయు కంపెనీ వ్యాజ్యమున ఈ ప్రతిఫలమునకు కొలమానమును చెప్పినది: కంపెనీ నిలద్రొక్కుకొని అప్పు పుట్టించుకొన గల్గవలెను, ఇటు వినియోగదారునకు అన్యాయము జరుగరాదు. మన దేశమున కేంద్ర నియంత్రణ మండలి బొగ్గు విద్యుత్ కేంద్రముల సొంత వాటాపై 2009 నుండి 15.5 శాతమును అనుమతించుచున్నది. రాష్ట్ర మండలుల శాతములు దీనికి కొంచె మటునిటుగ నుండును.

ఒక్క ఉదాహరణ చెప్పుదుము. ఒక కోటి రూపాయలతో ఒక యంత్రము నెలకొల్పబడిన దనుకొందము. 70 లక్షలు అప్పు, 30 లక్షలు సొంత వాటా. అప్పునకు నూటికి పది వడ్డీ యైనచో ఏడాదికి 7 లక్షలు. సొంత వాటాపై 15.5 చొప్పున 4 లక్షల 65 వేలు. అరుగుదల యొక 5 లక్షలు. వెరసి 16 లక్షల 65 వేలు. ఇంకను బొగ్గునకు పైసయైనను ఖర్చు చేయలేదు. ఒక్క జీతమైనను ఇయ్యలేదు. ఈ మొత్తము ప్రతి సంవత్సరము వినియోగదారుల బిల్లులలో చేరును. యంత్రము నిర్ణీత దినములలో సిద్ధముగా నుండిన చాలును. దాని కరెంటును మనము తీసికొన్నను, తీసికొనకున్నను ఈ స్థిరమైన భాగము చెల్లింపక తప్పదు. తీసికొన్న కరెంటునకు బొగ్గు ఖర్చు వేఱు. ఈ రెండు భాగముల ధర పద్ధతి కె. పి. రావు సంఘపు సిఫారసుపై 1992 నుండి కేంద్ర విద్యుత్ కేంద్రములకు అమలునకు వచ్చి, పిమ్మట సర్వత్ర వ్యాపించినది.

దీనినుండి తేలు సత్య మొక్కటి గలదు. లాభము పెట్టుబడిని బట్టి వచ్చుచున్నప్పుడు పెట్టుబడి పెంచుకొనుటకే సంస్థకు బుద్ధి పుట్టును. 1962లో అవెర్చ్, జాన్సన్ అను ఇరువురు అమెరికా ఆర్థికవేత్తలు ఈ సంగతినే శాస్త్రరీతిగా నిరూపించిరి. పది రూపాయలతో తీఱు పనికి ఇరువది రూపాయల కట్టడము కట్టినచో సామాన్య వర్తకుడు దివాలా తీయును. నియంత్రిత సంస్థకు మాత్రము ప్రతిఫలము రెట్టింపగును. దీనికి విఱుగు డొక్కటే. ఖర్చు పెట్టుటకు ముందే అది యవసరమా యనియు, పెట్టిన పిమ్మట అది సమంజసమా యనియు మండలి నిర్దాక్షిణ్యముగా పరీక్షింపవలెను. మండలి కన్ను మూసినచో ప్రజల సంచి తెఱచుకొనును.

మిర్యాలగూడ ప్రజలకు దీనికి ఉదాహరణ దూరమున లేదు. దామరచర్ల మండలమున వీర్లపాలెము చెంత యాదాద్రి థర్మల్ కేంద్రమునకు 2015 జూనులో శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్కటి 800 మెగావాట్లు గల యంత్రము లైదు. మొత్తము 4,000 మెగావాట్లు. అంచనా వ్యయము 25,099 కోట్లు. అందు నూటికి ఎనుబది వంతులు అప్పు. పర్యావరణ అనుమతి విషయమున జాతీయ హరిత న్యాయస్థానము 2022లో అడ్డు చెప్పినది. పనులు ఏండ్ల తరబడి జాప్యమయ్యెను. మొదటి యంత్రము 2024 డిసెంబరునకు గాని జాతి కంకితము కాలేదు. ఈలోపున వ్యయపు అంచనా 34 వేల కోట్లు దాటినది. కట్టుచున్నంతకాలము అప్పునకు వడ్డీ నడచుచునే యుండును. ఆ వడ్డీయు మూలధనములోనే చేరును. జాప్యమునకు వెల యిదియే.

ఈ హెచ్చు మన బిల్లులో ఎంత? పై ఉదాహరణలోని వడ్డీ, ప్రతిఫలము, అరుగుదల చొప్పుననే, నూటికి ఎనుబది అప్పుగా లెక్కించినచో, వేయి కోట్ల అదనపు పెట్టుబడికి ఏడాదికి సుమారు 160 కోట్ల భార మగును. హెచ్చిన తొమ్మిదివేల కోట్లకు 1,450 కోట్లు. 4,000 మెగావాట్లు నూటికి ఎనుబదియైదు వంతులు నడచినచో ఏడాదికి ఉత్పత్తి యగునవి సుమారు 2,978 కోట్ల యూనిట్లు. అనగా అచ్చటి ప్రతి యూనిట్టుపై మొదటి సంవత్సరములలో 49 పైసల చెంత అదనపు భారము – మండలి ఆ హెచ్చు నంతయు నంగీకరించినచో. అది మా లెక్క. వడ్డీ మాఱినచో అంకెయు మాఱును. కాని అంకె యేదైనను ప్రశ్న మాఱదు. ఆ తొమ్మిదివేల కోట్లలో న్యాయమైన దెంత, ఉపేక్షవలన వచ్చిన దెంత? ఆ కేంద్రము బొగ్గు గనుల చెంత లేదు. సింగరేణి బొగ్గు రైలు మీద విష్ణుపురము వఱకు రావలయును. ఆ రవాణా ఖర్చును మన బిల్లులోనిదే. భూములిచ్చిన పల్లెలు ఇచ్చటివి, బూడిద పడునది ఇచ్చట. కాబట్టి ఆ కేంద్రపు మూలధన వ్యయముపై మండలి విచారణ జరుపునపుడు అందఱికంటె ముందుగా మాటాడ దగినవారు మిర్యాలగూడ ప్రాంతపు ప్రజలే.

పంపిణీ సంస్థ మాట వేఱు. దాని ఖర్చులో నూటికి డెబ్బదియైదు వంతుల వఱకు కరెంటు కొనుగోలునకే పోవుచున్నది. ఈ భాగముపై దానికి లాభము లేదు. కొన్న ధరకే వినియోగదారునకు చేర్చవలయును. లాభము స్తంభములు, తీగలపై మాత్రమే. బొగ్గు ధర హఠాత్తుగా పెరిగినచో ఆ తేడాను ఇంధన సర్దుబాటు పేర వసూలు చేయవచ్చును. తెలంగాణలో 2023 నుండి యూనిట్టుకు 30 పైసల వఱకు మండలి ముందస్తు అనుమతి లేకయే వేయుటకు నిబంధన కల్పింపబడినది. 2024 సెప్టెంబరు 1 నాటి మహావర్షమునకు కోదాడ నీట మునిగి, నడిగూడెము మండలమున సాగర్ ఎడమ కాలువకు గండి పడినప్పుడు స్తంభములు కూలినవి, తీగలు తెగినవి. రాత్రింబవళ్లు నీళ్లలో నిలిచి వానిని మరల నెత్తిన లైన్‌మన్ల శ్రమ శ్లాఘనీయము. ఆ ఖర్చును ఈ పద్దులలోనే చేరును. అది న్యాయమైన ఖర్చు. న్యాయమైన దానిని చెల్లించుటకు ప్రజలు వెనుదీయరు. వారు కోరునది న్యాయమునకును అన్యాయమునకును నడుమ గీత గీయు మనియే.

ఏడాదికి కావలసిన రాబడి యొకవంక, ఉన్న ధరలతో వచ్చు రాబడి యొకవంక; రెంటి నడుమ లోటు. ఆ లోటును పూడ్చుటకు మార్గములు మూడే: ధర పెంచుట, ప్రభుత్వము సబ్సిడీ యిచ్చుట, అప్పు చేసి రేపటికి నెట్టుట. మొదటిది ప్రజలకు తెలియును. రెండవది బడ్జెటులో కనబడును. మూడవది మాత్రము ఎవరికిని కనబడదు. కావున పాలకులకు అదియే ప్రియము. అప్పు చేసి పప్పుకూడు తినుట యన నిదియే.

ధర యందఱి కొక్కటి కాదు. యూనిట్టు సరఫరాకు సగటు ఖర్చు సుమారు ఏడు రూపాయ లనుకొన్నచో, పేద గృహస్థుని మొదటి 50 యూనిట్లకు ధర 1 రూపాయి 95 పైసలు మాత్రమే. ఆ తేడాలో కొంత ప్రభుత్వము భరించుచున్నది. కొంత పరిశ్రమలనుండియు, వాణిజ్యమునుండియు రాబట్టుచున్నారు. మిర్యాలగూడ బియ్యపుమిల్లులును, మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతముల సిమెంటు కర్మాగారములును తమ ఖర్చునకు మించి చెల్లించుచున్నవి. ఈ భేదము సగటు ఖర్చునకు ఇరువది శాతము లోపల నుండవలెనని 2006 జాతీయ విధానము చెప్పినది. కలవాడు లేనివానికి కొంత తోడ్పడుట ధర్మమే. దానిని మేము కాదనము. కాని మిల్లుపై వేసిన భారము మిల్లు గోడలలో నిలిచి యుండునా? అది ధాన్యపు ధరలో రైతుపైకిని, బియ్యపు ధరలో గృహిణిపైకిని దిగివచ్చును. ఎవరు ఎవరికి ఎంత తోడ్పడుచున్నారో తేటగా చెప్పినగదా అది ధర్మమగుట. చీకటిలో జరుగునది ధర్మమని చెప్పుట కష్టము.

ఇక అందఱి వ్రేళ్లును చూపునది రైతువంక. 2004 మేలో సేద్యమునకు ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో దానిని ఇరువదినాలుగు గంటలకు పెంచిరి. 25 లక్షలకు పైబడిన మోటార్లు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరు చాలనపుడు కోదాడ, మిర్యాలగూడ రైతులకు బోరే దిక్కు. ఉచితము రాష్ట్రము తెలిసి చేసిన నిర్ణయము. ధాన్యమునకు ధరను రైతు నిర్ణయించుకొనజాలని దేశమున ఆ నిర్ణయమును తప్పు పట్టుటకు మాకు నోరు రాదు. మేము ప్రశ్నించునది ఉచితమును గాదు, లెక్కలేమిని.

రైతు మోటారుకు మీటరు లేదు. అట్లయిన సేద్యమునకు ఇన్ని కోట్ల యూనిట్లు పోయినవని యెట్లు చెప్పుచున్నారు? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వానిని నమూనాగా గైకొని, తక్కిన వానికి గుణించి చెప్పుచున్నారు. ఈ పద్ధతి భారత గణాంకశాస్త్ర సంస్థ సూచించినది. శాస్త్రమునందు దోషము లేదు. కాని నమూనాలు చాలకున్నను, మీటర్లు చెడిపోయినను, అంకె యూహ యగును. ఇందొక సూక్ష్మము గలదు. కొన్న కరెంటులో మీటర్లు చూపిన అమ్మకము తీసివేయగా మిగిలిన దంతయు రెండే పద్దులలో పడవలెను: ఒకటి సేద్యము, రెండవది నష్టము. సేద్యపు అంకెను పెంచినచో నష్టపు అంకె తగ్గును. సంస్థ సమర్థతతో నడచుచున్నట్లు కనబడును. తీగల బలహీనత, పట్టణములలోని దొంగతనము, సిబ్బంది యుపేక్ష – ఇవన్నియు రైతు తలపాగలో దాచవచ్చును. రైతు తాను వాడని కరెంటునకు అపవాదు మోయునని, దానికి ప్రభుత్వము సబ్సిడీ చెల్లించునని తేలినచో అంతకంటె నన్యాయ మేమి? కావున రైతుపై రుసుము వేయక, ప్రతి మోటారుకు మీటరు బిగించి భయపెట్టక, సేద్యపు ట్రాన్స్‌ఫార్మరు ప్రతిదానికి మీటరు పెట్టి, ఊరివారీగా అంకెలను ప్రకటించుట సంస్థ విధి. ఈ లెక్కవలన రైతునకు నష్టము లేదు. రైతు పేర దాగినవారికే నష్టము.

సబ్సిడీని గూర్చి చట్టము నిష్కర్షగా చెప్పినది. 2003 చట్టపు 65వ సెక్షను ప్రకారము, ఏ వర్గమునకైనను తక్కువ ధరకు కరెంటు నీయదలచిన ప్రభుత్వము ఆ మొత్తమును ముందుగనే సంస్థకు చెల్లింపవలెను. 2024–25 సంవత్సరమునకు తెలంగాణ ప్రభుత్వ మొప్పుకొన్న సబ్సిడీ సుమారు 11,500 కోట్లు. ఒప్పుకొనుట యొకటి, ఒప్పుకొన్న దానిని సకాలమున, పూర్తిగా, రొక్కముగా చెల్లించుట వేఱొకటి. దేవుడు వరమిచ్చినను పూజారి కరుణింపవలె నన్నట్లు, శాసనసభ మంజూరు చేసిన సొమ్ము ఖజానా గడప దాటునప్పటికి సంస్థ బ్యాంకుల వాకిట నిలుచుచున్నది. ఆ వడ్డీ యెవరిది? మరల ప్రజలదే.

జరిగిన చరిత్రను చూడుడు. 2017 జనవరిలో కేంద్రపు ఉదయ్ పథకమున చేరి, పంపిణీ సంస్థల 11,897 కోట్ల అప్పులో 8,923 కోట్లను రాష్ట్రము నెత్తి నెత్తుకొనెను. పలక తుడిచిరి. ఆ తుడిచిన పలకపై మరల నేమి వ్రాసిరి? 2019–20 మొదలు మూడు సంవత్సరములు పంపిణీ సంస్థలు మండలి యెదుట వార్షిక పద్దులనే సకాలమున దాఖలు చేయలేదు. పాత ధరలే కొనసాగెను. ఎన్నికల కాలమున ధర పెరుగకుండుట పాలకులకు హాయి. ప్రజలకును అప్పటికి హాయి. 2022 ఏప్రిల్ 1న గృహస్థులకు యూనిట్టుకు 50 పైసలు, ఇతరులకు రూపాయి యొక్కసారిగ పెరిగినవి. అంతటితో ఆగలేదు. గడచిన యేడేండ్ల కొనుగోలు తేడాలు 12,718 కోట్లని 2023లో మండలి తేల్చగా, వానిని అయిదేండ్లలో తానే చెల్లింతునని ప్రభుత్వము మాట యిచ్చినది. 2023 డిసెంబరులో క్రొత్త ప్రభుత్వము శాసనసభ యెదుట నుంచిన శ్వేతపత్రము ప్రకారము విద్యుత్ సంస్థల అప్పు 81,516 కోట్లు. పంపిణీ సంస్థల పేరుకొన్న నష్టము 62,461 కోట్లు. ప్రభుత్వ శాఖలే సంస్థలకు 28 వేల కోట్లకు పైబడి బాకీ యున్నవి. అందు పెద్దభాగము ఎత్తిపోతల పథకములది.

ఈ బాకీల గొలుసును గమనింపుడు. ప్రభుత్వ శాఖ పంపిణీ సంస్థకు చెల్లింపదు. పంపిణీ సంస్థ జెన్‌కోకు చెల్లింపలేదు. జెన్‌కో సింగరేణికి బొగ్గు సొమ్ము చెల్లింపలేదు. చివరకు ఆ భారము గనిలో బొగ్గు త్రవ్వు కార్మికుని ముంగిటికి వచ్చి నిలుచును. మూడు నెలలు బిల్లు కట్టనిచో సూర్యాపేట వీథిలోని చిన్న దుకాణపు తీగను కత్తిరించు సంస్థ, కోట్లు బాకీపడిన శాఖల యెదుట చేతులు కట్టుకొని నిలుచుట యేమి న్యాయము?

ఇచ్చట మూలదోషము కనబడుచున్నది. నియంత్రణ శాస్త్రము ఒక భయముపై నడచుచున్నది. సంస్థ దుబారా చేసినచో మండలి ఆ ఖర్చును త్రోసివేయును. ఆ నష్టము వాటాదారులది యగును. ఆ భయముచే వారు యాజమాన్యమును సరిదిద్దుదురు. అమెరికాలో కంపెనీకి ఈ భయము గలదు. కాని మన పంపిణీ సంస్థకు వాటాదారు డెవరు? రాష్ట్ర ప్రభుత్వము. ప్రభుత్వ మనగా నెవరు? ప్రజలు. మండలి త్రోసివేసిన ఖర్చు బిల్లులో రాకున్నను నష్టముగా పేరుకొని, అప్పుగా మాఱి, పన్ను రూపమున మన యింటికే వచ్చును. ముందు వాకిట వెడలగొట్టిన దొంగ పెరటి త్రోవను వచ్చినట్లున్నది. శిక్ష పడవలసినవాడు తప్పించుకొనుచున్నాడు. శిక్ష పడనివాడు చెల్లించుచున్నాడు.

అట్లయిన ప్రైవేటువారికి అప్పగించిన చాలునందురు కొందఱు. ఢిల్లీ నగరమున 2002లోనే ఆ పని చేసిరి. నష్టములు తగ్గిన మాట నిజము. కాని అచ్చటను ధర పెంచుటకు వెనుదీసి, లోటును నియంత్రణ ఆస్తులను గంభీరమైన పేరుతో ఏండ్లతరబడి ప్రోగుచేసిరి. లోటునకు ఆస్తి యని పేరిడిన భాషాచమత్కారమును ఏమని కొనియాడుదుము? 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ప్రోగులను పరిమిత కాలమున తీర్చివేయ వలయుననియు, ఇకపై ఇట్లు పెంచరాదనియు దేశమందలి మండలులన్నిటికిని ఆజ్ఞాపించినది. యజమాని మాఱినంత మాత్రమున లెక్క మాఱదు. సత్యము చెప్పు ధైర్యము కావలెను.

సేద్యమునకును, ఎత్తిపోతలకును, త్రాగునీటి పథకములకును వేఱుగ మూడవ పంపిణీ సంస్థను నెలకొల్పుటకు తెలంగాణ మంత్రివర్గము 2025లో నిర్ణయించినది. పద్దును విడదీయుట మంచిదే. ఎవరి భార మెంతయో తేటపడును. కాని ఆ క్రొత్త సంస్థకు ఆదాయము దాదాపు ప్రభుత్వపు సబ్సిడీ యొక్కటే. ఆ సొమ్ము నెలనెల రాకున్నచో అది పుట్టుకతోనే దివాలా సంస్థ యగును. అప్పుడు లైను మరమ్మతునకు, కాలిన ట్రాన్స్‌ఫార్మరు మార్చుటకు ధన ముండదు. వరి పొట్టదశలో నుండగా ట్రాన్స్‌ఫార్మరు కాలి పదిదినములు నిలిచినచో రైతునకు ఉచిత విద్యుత్తువలన ప్రయోజన మేమి? ఉచితమనెడి మాట కాగితముపై నుండును. పైరు చేనిలో ఎండును.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, ప్రభుత్వము సబ్సిడీని 65వ సెక్షను చెప్పినట్లు ముందుగనే చెల్లింపవలెను. చెల్లింపనిచో తగ్గింపు ధర చెల్లదని చట్టమే చెప్పుచున్నది గాన, ఆ మాట ననుటకు మండలి జంకరాదు. రెండవది, ప్రభుత్వ శాఖల బాకీలను నెలకొకసారి పేర్లతో ప్రకటింపవలెను. మూడవది, సేద్యపు ట్రాన్స్‌ఫార్మర్ల కన్నిటికిని మీటర్లు పెట్టి, ఆ అంకెలను పంచాయతీ గోడపై అంటింపవలెను. నాలుగవది, యాదాద్రి వంటి కేంద్రముల వ్యయముపై విచారణ హైదరాబాదులో మాత్రమే గాక మిర్యాలగూడలోను జరుపవలెను; పద్దులు సామాన్యునకు తెలియు తెలుగులో ప్రకటింపబడవలెను. వేయి పుటల ఇంగ్లీషు పద్దును వెబ్‌సైటులో నుంచి, ప్రజలకు తెలియజేసితిమనుట చెవిటివాని ముందు శంఖ మూదుటయే.

ప్రజలకును కర్తవ్యము గలదు. మిల్లు యజమానుల సంఘములు తమ రుసుములను గూర్చి మాత్రమే గాక మొత్తము పద్దును గూర్చి మాటాడవలెను. రైతు సంఘములు ఉచితము నిలుచునా పోవునా యను భయమునకే పరిమితము గాక, తమ పేర వ్రాసిన యూనిట్లు నిజమా యని యడుగవలెను. ఈ మూడు పట్టణములందలి న్యాయవాదులు, ఉపాధ్యాయులు, కళాశాలల విద్యార్థులు ఏటేట ఆ పద్దును చదివి ఒక అభ్యంతరపత్రము పంపినచో, మండలి దానికి జవాబు వ్రాయక తప్పదు. సంస్థయు జవాబు చెప్పక తప్పదు. ఇది విప్లవము కాదు. చట్టము చేతికిచ్చిన పనిముట్టు.

లెక్క యడుగుట ఈ సీమకు క్రొత్త గాదు. 1941లో కోదాడ చెంతనున్న చిలుకూరున ఆంధ్రమహాసభ సమావేశమైన నాటికే ఈ తాలూకాల రైతులు దేశముఖుల వసూళ్లకు లెక్క యేదని యడుగ నేర్చిరి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో విద్యుత్ ధరల పెంపుపై జరిగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు ప్రాణములు గోల్పోయిరి. ధర పెరిగిన పిమ్మట వీథిలో రక్తము చిందుట కంటె, ధర నిర్ణయమగుటకు ముందే పద్దు చదివి ప్రశ్నించుట మేలు గదా! నేడు సంస్థల పేర నున్న అప్పు రేపు మన బిడ్డల బిల్లు. దానిని వారు కట్టవలసి వచ్చునపుడు, ఇంత పెరుగువఱకు మీరేమి చేసితిరని వా రడుగుదురు. చదివితిమి, అడిగితిమి అని చెప్పగల స్థితిలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రజలు ఉండవలెనని మా కోరిక.